పాప కంటిపైన ఎర్ర మచ్చ పెరుగుతోంది, "దానంతట అదే పోతుంది" అంటున్నారు. ఆగాలా?

సుధ_రాజమండ్రి
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా పాపకి ఇప్పుడు ఏడో వారం. 35 వారాలకే పుట్టింది, బరువు 2 కిలోల 100 గ్రాములు. పుట్టినప్పుడు కుడి కనురెప్ప పైన, కనుబొమ్మకి కాస్త కింద, చర్మం ఒకచోట పాలిపోయినట్టు ఉండేది. తన గోరే గీరుకుందేమో అనుకున్నాం. బారసాల నాటికి అందులో ఎర్రటి చుక్కలు తేలాయి. మొన్నటిదాకా కందిగింజంత ఉన్నది ఇప్పుడు చింతగింజంత అయింది. ఉబ్బెత్తుగా ఉంది. ఏడిస్తే ఇంకా ఎర్రబడుతుంది.

ఇక్కడ మేం చూపించుకునే డాక్టరు గారు "పుట్టుమచ్చేనమ్మా, ఐదేళ్ళకి దానంతట అదే పోతుంది, ఏమీ చేయక్కర్లేదు" అన్నారు. మా అత్తగారేమో నేను గ్రహణం రోజు కూరగాయలు తరిగాననీ, అందుకే వచ్చిందనీ రోజుకోసారి అంటున్నారు. మా ఆయన కువైట్‌లో ఉంటారు, వీడియో కాల్‌లో చూసి ఆయనకీ కంగారే. నాకు మచ్చ కంటే కన్ను గురించి భయం. నిద్ర లేచినప్పుడు ఆ కన్ను రెండో కన్నంత తెరుచుకోవట్లేదు అనిపిస్తోంది. నిజంగా అంతేనా, నా అనుమానమా తెలియట్లేదు. ఐదేళ్ళు ఆగొచ్చా?

బుజ్జి_అమ్మ
టెన్షన్ పడకండి సిస్టర్. మా వాడికీ మెడ వెనకా, నుదుటి మధ్యలో ఎర్రగా ఉండేది. నుదుటిది ఏడాది తిరిగేసరికి పోయింది. మెడది ఇంకా ఉంది గానీ జుట్టు కింద ఎవరికి కనపడుతుంది? చాలామంది పిల్లలకి ఉంటాయి ఇవి.

నీలిమ_మియాపూర్
బుజ్జి అమ్మ గారూ, మీ బాబుది పుట్టినరోజు నుంచే ఉన్న చదును మచ్చ అయ్యుంటుంది. సుధ గారు చెప్తున్నది వేరే. పుట్టినప్పుడు దాదాపు ఏమీ లేదు, మూడు నాలుగు వారాల్లో తేలింది, వారం వారం పెరుగుతోంది, ఉబ్బింది. మా చిన్నమ్మాయికి పై పెదవి మీద అచ్చం ఇలాగే వచ్చింది. దాన్ని హెమాంజియోమా అంటారు, అంటే రక్తనాళాల గడ్డ.

సుధా, నాలుగు విషయాలు చెప్పు. ముట్టుకుంటే వెచ్చగా ఉందా? ఒంటి మీద ఇంకెక్కడైనా ఇలాంటివి ఉన్నాయా? మచ్చ మీద ఎక్కడైనా తెల్లగా, బూడిద రంగుగా మారిందా? కంటి డాక్టరుకి చూపించారా?

సుధ_రాజమండ్రి
అక్కా, కొంచెం వెచ్చగానే ఉంది. వీపు మీద ఒకటి ఉంది, మిరియపు గింజంత. తెలుపు ఏమీ లేదు. కంటి డాక్టరుకి చూపించలేదు, ఎవరూ చెప్పలేదు. ఫోటో పెడుతున్నాను.

[ఫోటో తొలగించబడింది]

మోడరేటర్
సుధ గారూ, ఫోటో తీసేశాను, ఏమీ అనుకోవద్దు. ఈ పేజీ లాగిన్ లేనివాళ్ళకి కూడా కనిపిస్తుంది, పసిపిల్లల ముఖాలు ఇక్కడ వద్దు. అలాగే "వారంలో మచ్చ మాయం" అని నూనె అమ్ముకునే పోస్టు ఒకటి వచ్చింది, అదీ తీసేశాను. ఆ ఐడీని బ్లాక్ చేశాం.

పిల్లల_డాక్టర్_విశాఖ
ఫోటో పోకముందే చూశాను. ఫోటో చూసి జబ్బు పేరు తేల్చడం సరికాదు, చేత్తో తాకి చూడాల్సిందే. కానీ మీరు చెప్పిన తీరు మాత్రం హెమాంజియోమాకి సరిగ్గా సరిపోతోంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో, బరువు తక్కువ పిల్లల్లో, ఆడపిల్లల్లో, కవలల్లో ఇది ఎక్కువ. మొత్తం మీద వంద మంది పసిపిల్లల్లో నలుగురైదుగురికి వస్తుంది, అంటే అరుదైనదేమీ కాదు.

"దానంతట అదే పోతుంది" అన్న మాట అబద్ధం కాదు. చాలావాటికి ఏడాది లోపే పెరుగుదల ఆగి, మెల్లగా తగ్గడం మొదలై, నాలుగేళ్ళకి తగ్గాల్సినంతా తగ్గిపోతుంది. తగ్గడమంటే చర్మం మామూలైపోతుందని కాదు. పెద్దగా ఉబ్బినవి చివరికి వదులు చర్మాన్నో, సన్నటి రక్తనాళాల గీతల్నో, కొవ్వు ముద్దనో మిగులుస్తాయి. వీపు మీద మిరియపు గింజంత మచ్చకి అలా అయినా ఎవరూ పట్టించుకోరు. ముక్కు కొన మీదో, పెదవి మీదో అయితే ఆ పిల్ల జీవితాంతం మోయాలి.

అసలు సంగతి పెరిగే కాలంలో ఉంది. ఐదారు వారాల వయసు నుంచి ఎనిమిది వారాల దాకా ఇది చాలా వేగంగా పెరుగుతుంది. మూడు నెలలు నిండేసరికే చివరి సైజులో దాదాపు 80 శాతానికి చేరుకుంటుంది. "ఆర్నెల్లు చూద్దాం" అనుకుంటే అప్పటికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇదే నొక్కి చెప్పారు: ఇబ్బంది పెట్టే చోట ఉన్న హెమాంజియోమాని నెల వయసుకే నిపుణులు చూడాలని.

కనురెప్ప అలాంటి చోటే. అక్కడ చింతగింజంత గడ్డ కూడా కంటిపాప ముందున్న నల్లగుడ్డు పొరని నొక్కి వంపు మార్చేస్తుంది. ఆ కంట్లో బొమ్మ మసకగా పడితే మెదడు ఆ కన్ను చెప్పేది వినడం మానేస్తుంది. దీన్ని బద్ధకపు కన్ను అంటాం. తర్వాత మచ్చ పూర్తిగా పోయినా ఆ చూపు తిరిగి రాకపోవచ్చు. కాబట్టి సుధ గారూ, ఐదేళ్ళు కాదు, ఈ వారంలోనే పిల్లల కంటి డాక్టరుకీ, పిల్లల చర్మ వ్యాధుల డాక్టరుకీ చూపించండి. రాజమండ్రిలో దొరకకపోతే కాకినాడో, విశాఖో రండి. విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రిలో (కేజీహెచ్) చర్మ వ్యాధుల విభాగం ఉంది. "కనురెప్ప మీద పెరుగుతున్న హెమాంజియోమా అని అనుమానం" అని మీ డాక్టరు చేతే చీటీ రాయించుకుంటే అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతుంది.

సుబ్బలక్ష్మి_పిన్ని
మా రోజుల్లో పొద్దున్నే పాచి ఉమ్మి రాసేవాళ్ళం. మా మేనకోడలికి బుగ్గ మీద ఇంత ఎర్ర కాయ ఉండేది, రోజూ రాస్తే మూడేళ్ళకి పోయింది. ఇప్పటి పిల్లలకి అన్నిటికీ మందులే.

పిల్లల_డాక్టర్_విశాఖ
పిన్నిగారూ, ఆ మూడేళ్ళూ ఏమీ రాయకుండా ఊరుకున్నా అది పోయేదే. ఉమ్మికి పేరొచ్చింది అంతే. ఉమ్మిలో క్రిములుంటాయి, పైన పుండు పడితే అవి లోపలికి పోతాయి. పసర్లు, సున్నం, వేడి చేసిన సూదితో వాత పెట్టడం ఇవైతే మరీ ప్రమాదం. వాత పెట్టిన హెమాంజియోమాతో ఒక బాబుని తీసుకొచ్చారు మా దగ్గరికి. మచ్చ కంటే వాత గుర్తే ఎక్కువ మిగిలింది ఆ బిడ్డకి.

సుబ్బలక్ష్మి_పిన్ని
వాతలు మేమూ పెట్టించలేదులే నాయనా. మరి నలుగు పెట్టొచ్చా? ఆ పిల్లకి రోజూ స్నానం పోస్తారు కదా.

నీలిమ_మియాపూర్
పిన్నీ, మచ్చ ఉన్నచోట నలుగు వద్దని మాకు గట్టిగా చెప్పారు. శనగపిండి రుద్దితే పైపొర లేచి రక్తం కారుతుంది. మిగతా ఒంటికి మెత్తగా నూనె రాసి, మచ్చ మీద వట్టి నీళ్ళు పోసి, మెత్తటి పాత పంచె ముక్కతో అద్దేదాన్ని. రుద్దేది కాదు, అద్దేదే. ఆ పై పెదవి మచ్చ వల్ల పాలు తాగేటప్పుడు రాసుకుని రక్తం వస్తుందేమోనని ప్రతిసారీ పెదవికి వాసెలిన్ రాసి పాలిచ్చేదాన్ని. వాసెలిన్ జారుడికి పాప రొమ్ము వదిలేసేది, మళ్ళీ పట్టించడం అదో పాట్లు.

సుబ్బలక్ష్మి_పిన్ని
సరే. సుధా, మీ అత్తగారి మాట పట్టించుకోకు. గ్రహణం రోజు నేను ఇంటిల్లిపాదికీ వంకాయలు తరిగి వండాను, కడుపుతోనే. మా ముగ్గురు పిల్లల్లో ఏ ఒక్కరికీ మచ్చ లేదు. కావాలంటే ఫోన్ ఇయ్యి, నేను మాట్లాడతాను ఆవిడతో.

సుధ_రాజమండ్రి
😂 పిన్నిగారూ, అవసరమైతే తప్పకుండా ఇస్తాను.

రఘు_కర్నూలు
డాక్టరు గారూ, చిన్న సందేహం. మా బాబుకి పుట్టినప్పటి నుంచే ఎడమ నుదురు, కనురెప్ప, సగం బుగ్గ ఎర్రగా ఉంది. ఉబ్బలేదు, పెరగలేదు. పిల్లవాడితో పాటు సాగింది అంతే. పుట్టిన ఆస్పత్రిలో మాకూ అదే మాట: "పోతుంది." ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు, పోలేదు, ఇంకా ముదిరింది. తర్వాత వేరేచోట పోర్ట్ వైన్ స్టెయిన్ అని చెప్పారు. ఇది పై పోస్టులో చెప్పిన జబ్బేనా?

పిల్లల_డాక్టర్_విశాఖ
కాదు రఘు గారూ, పూర్తిగా వేరు. హెమాంజియోమా అంటే రక్తనాళాల కణాలు పెరిగే గడ్డ, దానికి పెరగడం, తగ్గడం ఉంటాయి. పోర్ట్ వైన్ స్టెయిన్‌లో గడ్డ ఏమీ ఉండదు. అక్కడి సన్నటి రక్తనాళాలు తయారైనప్పుడే వెడల్పుగా తయారయ్యాయి. వెయ్యి మంది పిల్లల్లో ముగ్గురికి ఉంటుంది. పుట్టిన రోజే ఉంటుంది, తగ్గదు. వయసుతో పాటు ముదురు రంగులోకి మారి, మందమవుతుంది. అందుకే "పోతుంది" అనే మాట దీనికి అసలు చెల్లదు.

కారణం కూడా 2013లో తెలిసింది. బిడ్డ కడుపులో తయారవుతున్నప్పుడు ఏదో ఒక్క కణంలో జీఎన్ఏక్యూ అనే జన్యువులో మార్పు వస్తుంది. ఆ కణం నుంచి పుట్టిన చర్మం వరకే మచ్చ. అమ్మ నుంచీ రాలేదు, నాన్న నుంచీ రాలేదు. మీ ఇంట్లో ఎవరైనా ఎవర్నైనా అంటుంటే ఇది చూపించండి.

నుదురు, పై కనురెప్ప కలిసి ఉన్నాయన్నారు కాబట్టి రెండు విషయాలు తప్పకుండా చూడాలి. స్టర్జ్ వెబర్ అనే సమస్య ఉంటే మెదడు పైపొరలో కూడా ఇలాంటి రక్తనాళాలే ఉంటాయి, ఫిట్స్ వస్తాయి. ఇవి ఎక్కువమందికి మొదటి ఏడాదిలోనే మొదలవుతాయి. రెండోది కంటి ప్రెషర్, అంటే గ్లకోమా. ఇది పసితనంలోనూ రావచ్చు, పెద్దయ్యాకా రావచ్చు. ఒకసారి చూపించి బాగుందన్నారని ఊరుకోకూడదు. కంటి నుంచి ఊరికే నీళ్ళు కారుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, ఒక నల్లగుడ్డు రెండోదానికంటే పెద్దగా కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురు చూడొద్దు, వెంటనే వెళ్ళండి.

రఘు_కర్నూలు
థాంక్యూ డాక్టరు గారూ. ఫిట్స్ లేవు, దేవుడి దయ. కంటి ప్రెషర్ మాత్రం ఎక్కువుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో పట్టుకున్నారు, చుక్కల మందు వాడుతున్నాం. ఆ డాక్టరమ్మ ఒక మాట అన్నారు: "మచ్చ కోసం వచ్చారు, కన్ను దక్కింది." లేజర్ కూడా మొదలుపెట్టాం. పల్స్‌డ్ డై లేజర్ అంటారు. చేసిన రోజు చూస్తే ఎవరో కొట్టినట్టు గుండ్రటి నల్ల చుక్కలు పడతాయి ముఖమంతా. పది రోజులకి అవి పోతాయి. బస్సులో ఒకావిడ నన్ను పట్టుకుని "పిల్లవాడిని అలా కొడతారా" అని గొడవ పెట్టుకుంది. మన రంగు చర్మానికి ఎక్కువ పవర్ పెడితే నల్ల మచ్చలో, తెల్ల మచ్చలో మిగులుతాయట. అందుకని తక్కువ పవర్‌తో, మధ్యలో గ్యాప్ ఇచ్చి చేస్తున్నారు. మొత్తంగా పోతుందని ఎవరూ మాటివ్వలేదు. బుగ్గ మీద బాగా పలచబడింది, ముక్కు పక్కన అంతగా తగ్గలేదు. ఎండలోకి వెళ్తే టోపీ, సన్‌స్క్రీన్. కర్నూలు ఎండల్లో నాలుగేళ్ళ పిల్లాడికి టోపీ ఉంచడం ఎంత కష్టమో ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అనూరాధ_టీచర్
నాకూ ఉంది పోర్ట్ వైన్ స్టెయిన్. కుడి బుగ్గ, పెదవి, చిగురు దాకా. నలభై దాటాను. రఘు గారికీ, ఇక్కడ చదివే తల్లిదండ్రులకీ రెండు విషయాలు.

మందమవుతుందన్న మాట నిజం. నా పై పెదవి కాలేజీ రోజుల్లో మామూలుగానే ఉండేది, ఇప్పుడు ఒక పక్క దళసరిగా ఉంది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే ముందే చెప్తాను, ఆ పక్క చిగుళ్ళ నుంచి రక్తం ఎక్కువ వస్తుంది కాబట్టి. మీ పిల్లలకీ నేర్పండి.

రెండోది, మా అమ్మ నా ఫోటోలన్నీ ఎడమ పక్క నుంచే తీయించేది. మంచి మనసుతోనే చేసింది. కానీ ఆరేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది ఎందుకు అటు తిరగమంటున్నారో. ఇప్పుడు నా క్లాసులో ఏటా జూన్‌లో కొత్త పిల్లలు అడుగుతారు, "టీచర్, ముఖానికి ఏమైంది?" అని. "పుట్టినప్పటి నుంచీ ఉంది, నొప్పి ఉండదు, అంటుకోదు" అంటాను. అంతే, ఎక్కాలు మొదలుపెడతాం. మీ పిల్లలకి కూడా ఈ పాటి జవాబు ఒకటి నేర్పి బడికి పంపండి, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

శ్రావణి_ఫ్రిస్కో
అనూరాధ గారూ, ఇది మా వారికి చదివి వినిపించాను.

మాది హెమాంజియోమానే, పాపకి తల మీద, చెవి పైన. ఇక్కడ టెక్సస్‌లో ప్రోప్రనోలాల్ సిరప్ ఇచ్చారు, హెమాంజియోల్ అనే బ్రాండు. ఇక్కడ మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో దీనికోసమే ఆమోదించిందట. తొమ్మిదో నెలలో ఇండియా వస్తున్నాం, తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలని మా అత్తమామల మొక్కు. తల మీద ఆ గడ్డ ఉండగా గుండు ఎలా? వద్దంటే దేవుడి విషయం, సరే అంటే మంగలి కత్తి. ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వచ్చిందా?

సుబ్బలక్ష్మి_పిన్ని
దీనికి అంత ఆలోచన ఎందుకమ్మా. మూడు కత్తెర్లు ఇవ్వండి. ఆడవాళ్ళు ఇచ్చే మొక్కే కదా. స్వామికి గుండే కావాలని ఏమీ లేదు. గడ్డ మాని చర్మం గట్టిపడ్డాక, మూడో ఏటో ఐదో ఏటో బేసి సంవత్సరం చూసి గుండు చేయించుకోవచ్చు.

పిల్లల_డాక్టర్_విశాఖ
పిన్నిగారు నా పని తేలిక చేశారు. కత్తి అసలు వద్దు. హెమాంజియోమా తెగితే రక్తం చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ ఆగుతుంది. శుభ్రమైన గుడ్డ పెట్టి, మధ్య మధ్యలో తీసి చూడకుండా 10, 15 నిమిషాలు ఒత్తి పట్టుకోవాలి. ఆగకపోతే ఆస్పత్రికి వెళ్ళాలి. తిరుమలలో క్యూలో ఉండగా ఆ పరిస్థితి ఎందుకు?

గంగ_వరంగల్
ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. మా బాబుకు డైపర్ దగ్గర, తొడ సందులో ఉంది మచ్చ. మొన్నటి దాకా ఎర్రగుండె. నడుమ తెల్లగైంది. ఇప్పుడు పుండు లెక్క అయ్యింది, ఒంటికి పోయినప్పుడల్లా గుక్క పట్టి ఏడుస్తుండు. మా ఇంట్ల "మచ్చ ఎండిపోతుంది, మంచిదే" అంటున్నరు.

నీలిమ_మియాపూర్
గంగా, ఎండిపోవడం కాదు అది. చిన్న వయసులోనే మధ్యలో తెల్లబడడం పుండు పడబోతోందనడానికి గుర్తు. తగ్గే వయసులో వచ్చే బూడిద రంగు వేరు, అది ఏడాది దగ్గర పడ్డాక వస్తుంది. మీ బాబుకి ఎన్ని నెలలు?

గంగ_వరంగల్
మూడు నెలలు గూడ నిండలే.

పిల్లల_డాక్టర్_విశాఖ
అయితే ఇవాళో రేపో చూపించండి గంగ గారూ. హెమాంజియోమాలో ఎక్కువగా వచ్చే ఇబ్బంది పుండు పడడమే, డైపర్ దగ్గరా, పెదవి మీదా, మెడ మడతలోనూ మరీ ఎక్కువ. చాలా నొప్పి ఉంటుంది. వాడు ఊరికే ఏడవడం లేదు. ఎంజీఎం ఆస్పత్రి మీకు దగ్గరే కదా, పిల్లల విభాగానికి వెళ్ళండి. అప్పటిదాకా డైపర్ మానేసి, మెత్తటి నూలు లంగోటీ వదులుగా కట్టండి. ఒంటికి పోయిన వెంటనే గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, అద్ది, పెట్రోలియం జెల్లీ దళసరిగా పెట్టండి. పసుపు, పౌడరు, డెటాల్ వద్దు. గాజుగుడ్డ నేరుగా అంటించొద్దు, తీసేటప్పుడు చర్మం ఊడొస్తుంది.

గంగ_వరంగల్
రేపు పొద్దున్నే పోతం సార్.

పిల్లల_డాక్టర్_విశాఖ
సార్ కాదు, మేడమ్ 🙂

సుధ_రాజమండ్రి
అందరికీ థాంక్స్. విశాఖ వెళ్ళొచ్చాం. నా అనుమానం కాదట, కంటి డాక్టరు ఆ కంటికి పవర్ తేడా అప్పుడే మొదలైందన్నారు. కొద్దిగానే ఉందట, గడ్డ మెత్తబడితే తగ్గొచ్చన్నారు. చర్మం డాక్టరు ప్రోప్రనోలాల్ రాశారు. గుండెకి ఎకో తీశారు. ఒంటి మీద రెండే మచ్చలు కాబట్టి కడుపు స్కాన్ అక్కర్లేదట. ఐదు, అంతకంటే ఎక్కువ ఉంటే కాలేయంలో కూడా ఉన్నాయేమో చూస్తారట.

ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ. ఫార్మసీ అబ్బాయి "ఇది బీపీ మందు కదా, పసిపిల్లకా?" అన్నాడు. అది విన్న దగ్గర్నుంచి మా మామగారు మందు వేయనివ్వట్లేదు.

పిల్లల_డాక్టర్_విశాఖ
మీ మామగారికి ఈ కథ చెప్పండి. ఇదివరకు హెమాంజియోమాకి స్టెరాయిడ్లే దిక్కు. ఫ్రాన్స్‌లో బోర్డో అనే ఊళ్ళో ముక్కు మీద హెమాంజియోమా ఉన్న బిడ్డకి స్టెరాయిడ్ ఇస్తుంటే గుండె కండరం మందమైంది. దానికని ప్రోప్రనోలాల్ మొదలుపెట్టారు. మర్నాటికే ముక్కు మీది గడ్డ రంగు మారి మెత్తబడింది. అక్కడి చర్మ వైద్యురాలు క్రిస్టీన్ లెయోటే-లాబ్రెజ్, ఆమె సహచరులు వేరే పిల్లలకీ ఇచ్చి చూసి, 2008లో ప్రకటించారు. తర్వాత జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఆరు నెలలు మందు వాడిన పిల్లల్లో 60 శాతం మందికి గడ్డ పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ళలో అది 4 శాతమే. బీపీ మందు అన్న మాట నిజమే, ఇక్కడ చేసే పని వేరు.

నీలిమ_మియాపూర్
మందు మాకు బాగా పనిచేసింది గానీ, దాంతో ఉండే జాగ్రత్తలు మామూలు సిరప్‌లకి ఉండేవి కావు సుధా. మొదటి డోసు ఆస్పత్రిలోనే ఇచ్చి, గంటకోసారి గుండె వేగం, బీపీ చూశారు. ఆ తర్వాత ఇంట్లో. ముఖ్యమైన రూలు ఒక్కటే: పాలు తాగాకే మందు. ఖాళీ కడుపుతో వేస్తే రక్తంలో షుగర్ పడిపోతుంది. రాత్రంతా పాలు లేకుండా నిద్రపోనివ్వొద్దు. వాంతులు, విరేచనాలు, పాలు తాగకపోవడం ఉంటే ఆ పూట మందు ఆపేసి డాక్టరుకి ఫోన్ చేయాలి. జలుబు చేసి పిల్లికూతలు వస్తే కూడా అంతే. మా పాపకి చేతులు చల్లబడేవి, రాత్రులు ఉలిక్కిపడి లేచేది. రెండూ కొన్నాళ్ళకి సర్దుకున్నాయి.

రంగు మొదటి వారంలోనే మారుతుంది. అగ్గి ఎరుపు పోయి మబ్బు ఊదా రంగు వస్తుంది, వేలితో నొక్కితే మెత్తగా ఉంటుంది. సైజు తగ్గడానికి మాత్రం నెలలు పడుతుంది. వారానికోసారి ఒకే చోట, కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఉంచుకో. రోజూ చూసే కంటికి తేడా తెలియదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మీ మామగారి గొడవ కూడా ఆ ఫోటోలే తీరుస్తాయి.

శ్రావణి_ఫ్రిస్కో
నీలిమ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఈ మందు మీద ఉన్నప్పుడు షుగర్ పడిపోయినా గుండె దడ బయటికి కనపడదట, మందు దాన్ని కప్పేస్తుంది. కాబట్టి ఒళ్ళు చల్లగా చెమట పట్టడం, వణుకు, మత్తుగా ఉండడం, పాలకి కూడా లేవకపోవడం చూసుకోమన్నారు. లేపినా సరిగ్గా లేవకపోతే ఎమర్జెన్సీకే. అన్నట్టు డోసు ఎంత వేస్తున్నారు సుధా? మా పాపది రెండు...

పిల్లల_డాక్టర్_విశాఖ
శ్రావణి గారూ, డోసు ఇక్కడ వద్దండి. అమెరికా సిరప్ గాఢత వేరు, ఇక్కడ టాబ్లెట్‌నో, వేరే ద్రావణాన్నో ఇస్తారు. మిల్లీలీటర్లు చూసి ఒకరిది ఇంకొకరు వేస్తే డోసు నాలుగింతలైపోవచ్చు. బరువు పెరిగే కొద్దీ డోసు మారుతుంది, అది డాక్టరే మార్చాలి. సొంతంగా ఒక్కసారిగా ఆపడం కూడా వద్దు. మామూలుగా ఏడాది వయసు వచ్చేదాకా వాడతాం. ముందే ఆపితే కొందరిలో మళ్ళీ ఉబ్బుతుంది.

బుజ్జి_అమ్మ
నేను ఎక్కడో చదివాను, కంటి చుక్కల మందు టిమోలాల్ రాసినా పోతుందట కదా. నోటి మందు కంటే అది నయం కదా?

పిల్లల_డాక్టర్_విశాఖ
చిన్నవి, పల్చగా చర్మం పైపైన ఉన్నవాటికి ఇస్తాం. ఉబ్బినదానికి, లోతుగా ఉన్నదానికి అది చాలదు. పైన పూసేదే కదా అని ఇష్టం వచ్చినన్ని చుక్కలు వేయకూడదు, చర్మం లోంచి రక్తంలోకి వెళ్తుంది. నెలలు నిండని పిల్లల్లో ఇంకా జాగ్రత్త. పుండు మీద అసలు వేయకూడదు.

గంగ_వరంగల్
మేడమ్, చూపించినం. పుండుకు పూత మందు, నోటి మందు రెండూ రాసిన్రు. నిన్న రాత్రి రెండు గంటలు నిమ్మళంగ పండుకున్నడు. అంతకుముందు అరగంట గూడ పండలే.

సుధ_రాజమండ్రి
గంగా, హమ్మయ్య. మా ఇంట్లో కూడా మందు మొదలైంది. మామగారు ఇప్పుడు గడియారం పట్టుకుని "పాలు పట్టావా, పాలు పట్టావా" అని నా వెంట తిరుగుతున్నారు.

మేడమ్, ఇంకొక్కటి అడుగుతాను. పాపకి టీకాలు ఉన్నాయి. ఈ మందు వాడుతూ టీకా వేయించొచ్చా?

పిల్లల_డాక్టర్_విశాఖ
నిరభ్యంతరంగా. ప్రోప్రనోలాల్ వల్ల ఏ టీకా ఆపక్కర్లేదు, వాయిదా కూడా వేయొద్దు. తొడ మీద మచ్చ ఉన్న పిల్లలకైతే ఆ చోట సూది గుచ్చకుండా రెండో తొడకి వేయమని చెప్పాలి, మీ పాపకి ఆ ఇబ్బంది లేదు. టీకా వేసిన రోజు జ్వరం వచ్చి పాలు సరిగ్గా తాగకపోతే ఆ పూట మందు ఆపి, మీ డాక్టరుకి ఫోన్ చేయండి. మందు వాడుతున్న సంగతి ఏఎన్‌ఎం గారికి కార్డు మీద రాసి చూపించండి, నోటి మాటగా చెప్తే హడావిడిలో మర్చిపోతారు.

సుధ_రాజమండ్రి
సరే మేడమ్. బుధవారం టీకా, కార్డు మీద ఇప్పుడే రాసి పెడతాను.